నల్లరేగడి మీద ఇల్లు

శ్రోతలకు నమస్కారం.

ఎండాకాలంలో నల్లరేగడి చేలోని బీటలో చెయ్యి పెడితే మణికట్టు దాకా దిగిపోతుంది. తొలకరి పడ్డాక అదే నేల పొంగి, బీట జాడే కనిపించదు. పత్తికి అది బంగారం లాంటి నేల. ఇంటికి మాత్రం కష్టం. ఏటా పొంగుతుంది, ఏటా కుంగుతుంది. ద్వారబంధం మూల నుంచి ఏటవాలుగా పగులు వస్తుంది. సిమెంటు పూసి కప్పుతాం. మరుసటి ఏడు మళ్లీ అక్కడే పగులుతుంది.

ఈ మట్టి గుణాన్ని కళ్లకు కట్టే పరీక్ష ఒకటుంది. నాకెంతో ఇష్టమైన పరీక్ష. ఆరబెట్టి, మెత్తగా జల్లించిన మట్టిని పది గ్రాముల చొప్పున రెండు గాజు కొలజాడీల్లో వేస్తారు. ఒకదాంట్లో నీళ్లు పోస్తారు, రెండోదాంట్లో కిరోసిన్. బాగా కలిపి ఒక రోజు కదపకుండా ఉంచుతారు. మర్నాడు చూడండి! కిరోసిన్‌లో మట్టి అడుగున అణిగి ఉంటుంది. నీళ్లలో మట్టి ఉబ్బి పైకి వస్తుంది. ఇందులోని మాంట్‌మొరిల్లొనైట్ అనే ఖనిజం రేకులు రేకులుగా ఉంటుంది. ఆ రేకుల మధ్యకు నీరు దూరుతుంది, కిరోసిన్ దూరలేదు. కిరోసిన్‌లో 10 మిల్లీలీటర్లు, నీళ్లలో 18 ఉంటే పొంగు 80 శాతం. 50 దాటిందంటే మామూలు పునాది తవ్వకండి. ఇల్లంతటి ఖర్చులో ఈ పరీక్షకయ్యేది ఏపాటి?

అలాంటి నేలకు రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ మంచి దారి చూపింది. అడుగున ఉల్లిగడ్డలా ఉబ్బిన కాంక్రీటు పైల్స్, అంటే నేలలోకి లోతుగా దింపే స్తంభాలు, వేస్తారు. వానకు, ఎండకు కదిలేది ఇంచుమించు 3.5 మీటర్ల లోతు వరకే. ఉబ్బు అంతకంటే కింద, కదలని మట్టిలో ఉంటే, పైమట్టి పొంగి లాగినా పైల్ లేవదు.

ఇక అసలు మాట. పైల్స్ మీద బీము పోస్తారు కదా, దాని కింద సుమారు 8 సెంటీమీటర్ల ఖాళీ వదలాలి. మట్టి పొంగడానికి ఆ చోటు కావాలి. ఒక ఇంటి దగ్గర చూశాను. మేస్త్రి ఎంతో శ్రద్ధగా, బీము గట్టిగా ఉండాలని, ఆ ఖాళీ నిండా ఇటుక ముక్కలు దట్టించాడు. వానలకు మట్టి ఆ ముక్కలను నెట్టింది, ముక్కలు బీమును నెట్టాయి, గోడ పగిలింది. అంత లోతుకు దింపిన పైల్స్ ఖర్చంతా వృథా.

ఖాళీ వదలండి. ఖాళీని ఖాళీగానే వదలండి. పక్కన మట్టి కప్పే ముందు మీరే వంగి, బీము కింద చెయ్యి పెట్టి చూసుకోండి.