ఫోన్-ఇన్: కోల్డ్ స్టోరేజీలో మిర్చి, జకాత్ లెక్క

యాంకర్: ఇవాళ జకాత్ గురించి, అంటే స్తోమత ఉన్న ముస్లింలు ఏటా తమ సంపదలోంచి పేదల కోసం తప్పనిసరిగా ఇచ్చే వాటా గురించి మాట్లాడుకుందాం. మొదటి కాలర్ లైన్‌లో ఉన్నారు. చెప్పండి.

కాలర్: అస్సలాము అలైకుం మౌలానా సాబ్. వరంగల్ నుంచి. ఎనుమాముల మార్కెట్‌ల మిర్చి వ్యాపారం మాది. సీజన్‌ల కొన్న బస్తాలు కోల్డ్ స్టోరేజీల పెట్టినం. రేటు పడిపోయింది, నిద్ర పడతలేదు. మా తమ్ముడేమో హనుమకొండల ఇల్లు కట్టిండు, మెట్లకు కూడా మార్బుల్ వేయించిండు...

మౌలానా: వ అలైకుం అస్సలాం. ప్రశ్న అడగండి భాయ్.

కాలర్: అదే, జకాత్ కొన్న రేటుకా, ఇప్పటి రేటుకా?

మౌలానా: మీ జకాత్ తారీఖు, అంటే ఏటా జకాత్ లెక్క చూసుకునే రోజు ఏదో, ఆ రోజు మార్కెట్ రేటుకు. ఆ తారీఖు ఇస్లామీ నెలల్లో రాసి పెట్టుకోండి. ఇంగ్లిష్ క్యాలెండర్ పట్టుకుంటే ఏటా సుమారు 11 రోజులు తేడా వస్తుంది. సరుకు విలువ, చేతిలో నగదు, రావాల్సిన బాకీలు కలపండి. మీరు ఇప్పుడు కట్టాల్సిన బాకీ తీసేయండి. మిగిలింది నిసాబ్ దాటితే నూటికి రెండున్నర. నిసాబ్ అంటే 52.5 తులాల వెండి విలువ. ఇది పాత తులం, ఇప్పటి 10 గ్రాముల తులం కాదు. మొత్తం 612 గ్రాముల చిల్లర.

కాలర్: రేటు కోసం సరుకు ఆపుడు గునాహా, పాపమా?

మౌలానా: జనానికి కరువు చేసి రేటు పెంచాలని దాస్తే గునాహ్. మార్కెట్ నిండా సరుకున్నప్పుడు కొన్నాళ్లు ఆగడం వ్యాపారమే.

కాలర్: అయితే కొన్న రేటుకు కాదంటరు. మరి తమ్ముడి ఇల్లుకు?

మౌలానా: రేటు సంగతి ఇందాకే చెప్పాను కదా! ఇక ఉండే ఇంటికి జకాత్ లేదు. భాయ్, మీకు నిద్ర పట్టనిది మిర్చి వల్ల కాదేమో, ఆ మార్బుల్ మెట్ల వల్లేమో చూసుకోండి. ఒకరిని మించి ఒకరు పోగేసుకునే ఆరాటం సమాధులు చేరేదాకా మిమ్మల్ని ఏమరుపాటులో పడేసిందని ఖురాన్‌లో 102వ సూరా, అంటే అధ్యాయం, చెబుతుంది.

కాలర్: సంపాదించొద్దా మరి?

మౌలానా: ఎవరన్నారు? ప్రవక్త సహచరుడు అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ మదీనాకు వట్టి చేతులతో వచ్చారు. అక్కడ ఆశ్రయమిచ్చిన మదీనావాసి, అన్సారీ సోదరుడు సగం ఆస్తి ఇస్తానంటే వద్దని, బజారు ఎటో చూపించమన్నారు. నెయ్యి, జున్ను అమ్మి మొదలుపెట్టి పెద్ద శ్రీమంతుడయ్యారు. పరలోకం కోసం పాటుపడు, లోకంలో నీ వాటానూ మరవకు అని 28వ సూరాలో ఉంది. తమ్ముడి ఇంటికి వెళ్లి, మనస్ఫూర్తిగా ముబారక్ చెప్పి రండి. తారీఖు మాత్రం ఇవాళే రాసుకోండి.

యాంకర్: థాంక్యూ. తర్వాత కరీంనగర్ నుంచి.

కాలర్: రోజూ వేసుకునే బంగారానికి కూడా జకాత్ ఉంటదా సాబ్?

మౌలానా: మన హనఫీ మస్లక్‌లో, అంటే మనం పాటించే ధర్మశాస్త్ర పద్ధతిలో, ఉందమ్మా. ఇంకో పద్ధతి పాటించే షాఫయీలు, వాడుకునే నగలకు లేదంటారు. తారీఖు రాసుకున్నారా?

కాలర్: లేదు సాబ్...

మౌలానా: అదిగో!

యాంకర్: పరకాల నుంచి ఇంకో కాలర్.

కాలర్: నమస్తే మౌలానా గారూ. మా దోస్తు అప్పు చేసి హజ్‌కు పోతనంటున్నడు. మీరన్నా చెప్పండి.

మౌలానా: నమస్తే. స్తోమత ఉన్నవారికే హజ్ ఫర్జ్, తప్పనిసరి. ఇంట్లోవాళ్ల ఖర్చుకు పెట్టి, బాకీలు తీర్చాక మిగిలితేనే. అప్పు చేయమని ఎవరూ అడగలేదు. ముందు అతన్ని...

యాంకర్: సారీ మౌలానా సాబ్, టైమ్ అయిపోయింది. కాల్ చేసినవాళ్లకు థాంక్స్.