గేటులో ఇరుక్కున్న ఓడ, పెదవి విప్పని కెప్టెన్

[తెరపై: రాత్రివేళ లువార్ నదీముఖం మ్యాపు]

1942 మార్చి 28. అర్ధరాత్రి దాటి గంటన్నర. జర్మన్ల అధీనంలో ఉన్న ఫ్రాన్స్ రేవు సెయింట్ నజైర్. సెర్చిలైట్లు కళ్లు బైర్లు కమ్మేలా వెలుగుతున్నాయి, ఒడ్డు నుంచి తూటాల వర్షం. అయినా ఒక బ్రిటిష్ యుద్ధనౌక వేగం పెంచుకుంటూ డాక్ గేటు మీదికే వస్తోంది. ఆ ఓడ పేరు క్యాంప్‌బెల్‌టౌన్. నడిపిస్తున్న అధికారి లెఫ్టినెంట్ కమాండర్ స్టీఫెన్ బీటీ.

ఆ గేటే ఎందుకు? జర్మనీ దగ్గర టిర్పిట్జ్ అనే మహానౌక ఉంది. జర్మన్ల చేతిలోని అట్లాంటిక్ తీరంలో దాన్ని చేర్చుకుని మరమ్మతు చేయగల డ్రై డాక్, అంటే గేటు మూసి నీళ్లు తోడేసి ఓడను బాగుచేసే తొట్టి, ఇదొక్కటే. ఇది పాడైతే టిర్పిట్జ్ అట్లాంటిక్‌లోకి రావడానికే వెనకాడాలి.

[తెరపై: ఓడ ముందుభాగం బొమ్మ]

క్యాంప్‌బెల్‌టౌన్ అమెరికా నుంచి వచ్చిన పాత డిస్ట్రాయర్. నాలుగు పొగగొట్టాల్లో రెండు తీసేసి జర్మన్ ఓడలా వేషం మార్చారు. ముక్కు వెనకాల 24 డెప్త్ చార్జీలను (జలాంతర్గాముల మీద వాడే బాంబులను) పేర్చి కాంక్రీటు పోశారు. వాటికి గంటల తర్వాత పేలే ఫ్యూజులు పెట్టారు. అంటే ఓడే బాంబు! లోతులేని నదిలో అడుగు రెండుసార్లు ఇసుకను రాసుకున్నా ఆగలేదు. 1:34కి గేటును ఢీకొంది. అనుకున్న సమయానికి నాలుగు నిమిషాలే ఆలస్యం. ఆ చీకట్లో, ఆ కాల్పుల్లో అంత గురి ఎలా కుదిరిందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఓడను గేటులోనే వదిలేశారు. తిరుగు ప్రయాణంలో బీటీ ఎక్కిన చిన్న పడవ కాల్పులకు మంటల్లో చిక్కింది. తేలుతున్న తెప్పను పట్టుకుని ఆయన చలినీళ్లలో గంటలు గడిపారు. చివరికి జర్మన్లకు చిక్కారు.

ఇక్కడి నుంచి జరిగినదే నాకు అన్నిటికంటే గొప్పగా తోస్తుంది. పేలాల్సిన వేళ దాటిపోయింది. ఓడ మౌనంగా గేటులో ఇరుక్కుని ఉంది. జర్మన్లు దాని మీదికెక్కి చూస్తున్నారు. లోపల ఏముందో తెలిసిన బందీలు ఒక్క మాట జారినా, భయం ముఖంలో కనబడినా అంతా వృథా. ఎవరూ నోరు విప్పలేదు. అంత గట్టి గేటును ఈ పల్చటి ఓడతో పగలగొట్టగలమనుకున్నారా అని ఒక జర్మన్ అధికారి బీటీని అడుగుతున్నాడట. సరిగ్గా అప్పుడే కిటికీలు అదిరాయి. క్యాంప్‌బెల్‌టౌన్ పేలింది. యుద్ధం ముగిసేదాకా ఆ డాక్ మళ్లీ పనిచేయలేదు.

[తెరపై: విక్టోరియా క్రాస్]

దాడికి వెళ్లినవారు 611 మంది. 169 మంది చనిపోయారు, 215 మంది బందీలయ్యారు. బీటీ 1945 దాకా నిర్బంధంలోనే ఉన్నారు. బ్రిటన్ ఆయనకు తన అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ ప్రకటించినప్పుడూ శత్రువు చెరలోనే ఉన్నారు. ఆ ప్రకటనే చెబుతుంది: ఈ పతకం ఆయన పరాక్రమానికి మాత్రమే కాదు, ఆ ఓడలోని పేరు చెప్పని అధికారులు, నావికుల పరాక్రమానికి కూడా. వారిలో చాలామంది తిరిగి రాలేదు.