చెవుల అంచులు రాలిన పెయ్య

సభకు నమస్కారం. అధ్యక్షుల వారికి, నన్ను గుర్తుపెట్టుకుని పిలిచిన పిల్లలకు, పొద్దున్నుంచి వెనక గదిలో పులిహోర కలుపుతున్న అక్కచెల్లెళ్ళకు పేరుపేరునా నమస్కారం. నాకిచ్చిన అంశం "ఇంగ్లీషు ప్రేమ నవలల్లో కౌబాయ్". ఇచ్చిన సమయం ఇరవై నిమిషాలు. కాగితం మీద నాలుగు పాయింట్లు రాసుకొచ్చాను. అయితే ముందు ఒక మాట తీర్చుకోవాలి.

రెండేళ్ళ కిందట ఇలాంటి సభలోనే ఒక పెద్దాయన, పేరు చెప్పను, ఈ నవలలు "పనీపాటా లేని ఆడవాళ్ళ చదువు" అన్నారు. అందరూ నవ్వారు. నేను లేచి మాట్లాడలేకపోయాను. ఆ మాట ఇన్నాళ్ళూ నాలో ములుకులా గుచ్చుకునే ఉంది.

తిరుపతిలో పశువైద్యం చదివి ఈ దేశం వచ్చినదాన్ని నేను. ఇక్కడి లైసెన్సు చేతికి రావడానికి ఏళ్ళు పట్టింది. అందాకా టెక్సస్‌లోనే ఒక పశువుల క్లినిక్‌లో సహాయకురాలిగా చేశాను. అక్కడ ఫోన్లు ఎత్తే ఆవిడ సొరుగు నిండా ఈ నవలలే. అట్ట మీద టోపీ పెట్టుకున్న మగవాడు, వెనక గుర్రం. ఆవిడ నాలుగింటికి లేచి నలభై ఆవులకు ఎండుగడ్డి వేసి, ఎనిమిదింటికి క్లినిక్‌కి వచ్చేది. ఆవుల మీద వచ్చేది అప్పు వడ్డీకి చాలక ఆ ఉద్యోగం. సాయంత్రం ఇంటికెళ్ళి మళ్ళీ నీళ్ళ తొట్లు, కంచెలు. మధ్యాహ్నం అన్నం తినే అరగంటలో ఓ ఇరవై పేజీలు చదువుకునేది. నాకు మొదటి నవల ఇచ్చింది ఆవిడే. చెప్పండి, పనీపాటా లేని మనిషా ఆవిడ?

కథ ఇంచుమించు ఒకటే. తాత పోతాడు. పశువుల్ని పెంచే ఆయన రాంచ్ అప్పుల్లో ఉంటుంది. పట్నంలో ఉద్యోగం చేసే మనవరాలు అమ్మేసి పోదామని వస్తుంది. అక్కడ కంచె బాగుచేస్తూ ఒకడు కనిపిస్తాడు. చివరికి రాంచూ నిలుస్తుంది, వాళ్ళిద్దరూ నిలుస్తారు. ముగింపు ముందే తెలిసిపోతుందని ఎగతాళి చేస్తారు. తెలుస్తుంది, నిజమే. 1980లో హ్యూస్టన్‌లో పుట్టిన అమెరికా ప్రేమ నవలా రచయితల సంఘం ఈ నవలలకు చెప్పుకున్న లక్షణాలు రెండే: కథకు ప్రేమే నడుమ ఉండాలి, ముగింపు ఆశతో ఉండాలి. సీతారాముల పెళ్ళి జరుగుతుందో లేదో తెలియకనా మనం ఏటా భద్రాచలం వెళ్ళేది?

ఆ ముగింపు కోసం ఎవరు మొహం వాచి ఉన్నారో చూడండి. 2022 వ్యవసాయ గణనలో ఈ దేశపు రైతుల సగటు వయసు 58 దాటింది. 2025 జనవరిలో లెక్కపెడితే దేశం మొత్తం మీద పశువులు 8.67 కోట్లు. 1951 తర్వాత అప్పటిదాకా ఇంత తక్కువ ఎప్పుడూ లేదు. కరువుల్లో మేత లేక చూలు కట్టాల్సిన ఆవుల్ని కూడా అమ్ముకున్నారు. ఇది మనకు తెలియని కథా? మా నాన్న పోయాక ఒంగోలు దగ్గర మా నాలుగెకరాలు అమ్మి వచ్చింది నేనే. ఒక్క పూటలో సంతకాలు అయిపోయాయి. ఏ కంచె దగ్గరా ఎవరూ నన్ను ఆపలేదు.

ఒంగోలు అన్నాను కాబట్టి ఇదీ చెప్పాలి. టెక్సస్ ఎండకూ గోమార్లకూ యూరప్ పశువులు తట్టుకోలేకపోతే మన గిర్, కాంక్రేజ్, ఒంగోలు రక్తాలు కలిపి బ్రాహ్మన్ అనే జాతిని నిలబెట్టారు. దాన్ని పెంచేవాళ్ళు 1924లో సంఘం కూడా పెట్టుకున్నారు. టెక్సస్‌లోని కింగ్ రాంచ్ వాళ్ళు దాన్నే షార్ట్‌హార్న్ అనే ఇంగ్లీషు జాతితో దాటించి శాంటా గెర్ట్రూడిస్ జాతిని తీశారు. ఇక్కడి బీళ్ళలో మూపురం, గంగడోలు మొదటిసారి చూసినప్పుడు కారు పక్కకు ఆపుకుని ఏడ్చాను.

ఈ నవలలతో నాకు తగాదా లేకపోలేదు. రాంచ్ అన్నమాట స్పానిష్ రాంచో. పశువుల మెడకు విసిరే లారియట్ తాడు వాళ్ళ లా రియాతా. ఈ పని ఇక్కడివాళ్ళకు నేర్పింది బకేరోలు, అంటే మెక్సికో పశువుల కాపరులు. అమెరికా అంతర్యుద్ధం తర్వాత టెక్సస్ నుంచి కాన్సస్ దాకా మందల్ని తోలినవాళ్ళలో నలుగురికి ఒకరు నల్లవాళ్ళని చరిత్రకారుల అంచనా. అట్ట మీద మాత్రం ఎక్కువగా తెల్లటి మొహమే. ఆవులేమో ఎక్కడో దూరాన చుక్కల్లా ఉంటాయి.

అధ్యక్షులు గడియారం చూస్తున్నారు. మిగతా పాయింట్లు వదిలేస్తాను, ఈ ఒక్కటీ చెప్పనివ్వండి.

2021 ఫిబ్రవరి మీకందరికీ గుర్తే. కరెంటు పోయి, గొట్టాలు పగిలి, బకెట్లలో మంచు కరిగించుకున్న వారం. ఆ వారంలో ఒక రాత్రి ఒకావిడ ఫోన్ చేసింది. అరవై దాటిన మనిషి, భర్త పోయి చాలా కాలమైంది. ఆ రాంచ్‌లో ముప్పై ఏళ్ళుగా పనిచేస్తున్న మెక్సికన్ ఆయన ఒకడున్నాడు. తొలిచూలు ఆవు ఈనలేకపోతోంది, దూడ ఎదురుకాళ్ళతో వస్తోంది. ఎదురుకాళ్ళ దూడకు తుంటి బయటపడేసరికి లోపల బొడ్డుతాడు నలిగిపోతుంది. ఆలస్యమైతే తల లోపల ఉండగానే ఊపిరి పీలుస్తుంది, ఉమ్మనీరు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గొలుసులు కట్టి ముగ్గురం లాగాం. దూడ పడింది, కదల్లేదు. ఆయన ఒక గడ్డిపోచ తీసి ముక్కులో పొడిచాడు. తుమ్మింది. పెయ్య దూడ.

బ్రాహ్మన్ రక్తం ఎండకు పుట్టింది, మంచుకు ఓర్చుకోదు. దూడను ట్రక్కులో కాళ్ళ దగ్గర పడుకోబెట్టి హీటరు పెట్టాం. ముర్రుపాలు పిండితే వెంటనే చల్లబడిపోతున్నాయి, వేడిచేయడానికి పొయ్యి లేదు. ఆవిడ సీసాను కోటు లోపల ఒంటికి ఆనించుకుని అక్కడే నిలబడింది. ముప్పై ఏళ్ళుగా ఆవిణ్ణి "సెన్యోరా", అంటే అమ్మగారూ అనే పిలిచిన మనిషి, ఆ చలిలో పేరు పెట్టి పిలిచాడు, ఇంక లోపలికి వెళ్ళమని. ఆవిడ ఆయన వంక చూసింది. వెళ్ళలేదు. మన అమ్మలు భర్త పేరు నోటితో పలకకుండా బతికేశారు. పేరు పెట్టి పిలవడంలో ఎంత ఉంటుందో మీకు నేను చెప్పాలా!

మరుసటి ఏడాది వాళ్ళు కోర్టులో పెళ్ళి చేసుకున్నారు. ఆవిడ పిల్లలు రాలేదు. వాటాలు అడిగారు. చాలా నేల ఇళ్ళ స్థలాలకు పోయింది. మనలో ఎందరి ఇళ్ళ కింద అలాంటి నేల ఉందో ఒక్కసారి తలుచుకోండి. రాసే పిల్లలూ, ఇది రాయండి. తెలుగులో రాయండి. అడ్రసు నేనిస్తాను, ఆవు ఈనడం దగ్గరుండి చూపిస్తాను. నాకు కథ కట్టడం రాదు.

ఆ పెయ్య చెవుల అంచులు చలికి చచ్చి రాలిపోయాయి. చెవికి గుర్తు బిళ్ళ కుట్టే చోటు లేక మెడలో తాడుకు కట్టారు. ఇప్పటికి రెండు ఈతలు ఈనింది. పోయిన నెల చూడ్డానికి వెళ్ళాను. పదకొండు ఆవులు, రెండు గదుల ఇల్లు. ఆయన నాకు వరండాలో కుర్చీ వేసి, లోపలికి తిరిగి, కాఫీ ఇంకొకటి పెట్టమని ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచాడు.