కాలువ గట్టు మీద గ్లోబల్ హెల్త్ క్లాసు: అసైన్‌మెంట్‌కి బోదకాలే ఎందుకు?

అందరికీ నమస్కారమండి. ఈసారి కెమెరా యూకేలో లేదు, అమలాపురం పక్కన కాలువ గట్టు మీద ఉంది. సెప్టెంబరు ఇన్‌టేక్‌కి గ్లోబల్ హెల్త్ మాస్టర్స్‌లో చేరబోతున్న మన గోదావరి పిల్లల కోసం ఈ వీడియో. మొదటి సెమిస్టర్‌లోనే ఒక అసైన్‌మెంట్ పడుతుంది: ఒక ఆరోగ్య సమస్య తీసుకుని, దానిమీద ప్రపంచ దేశాలు కలిసి ఏం చేశాయో విశ్లేషించమంటారు. క్లాసులో సగం మంది కోవిడ్ రాస్తారు. మీరు బోదకాలు (ఫైలేరియా) రాయండి.

డెల్టాలో ఏ పెద్దవాళ్లనడిగినా చెప్పే జబ్బిది. మన దేశంలో ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లోనే మొదలైంది. జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రానికి రాజమండ్రిలో శాఖ ఉంది, ఫైలేరియా శిక్షణ అక్కడి పాత పని. దీన్ని నిర్మూలించాలని ప్రపంచ ఆరోగ్య సభ (డబ్ల్యూహెచ్‌ఓ సభ్యదేశాల సమావేశం) తీర్మానం 1997లో వచ్చింది, ప్రపంచ నిర్మూలన కార్యక్రమం 2000లో మొదలైంది. ఈ తేదీలు ఒక పేరాలో రాసేసి ముందుకెళ్లిపోండి. మార్కులు పడేది అక్కడ కాదు.

ముందు దోమ సంగతి. అదిగో, అటు వరిచేలు కనిపిస్తున్నాయి కదా, ఆ ఫొటో పెట్టి ‘ఫైలేరియా దోమ ఇక్కడే పుడుతుంది’ అని రాస్తే తప్పు. మన దగ్గర దీన్ని మోసే క్యూలెక్స్ క్విన్‌క్విఫేసియేటస్‌కి కావాల్సింది కుళ్లిన నీళ్లు: ఇళ్ల వెనక మురుగు కాలువ, సెప్టిక్ ట్యాంకు. ట్యాంకు గాలి గొట్టానికి సన్నని వల కట్టమనేది అందుకే.

రక్తపరీక్ష దగ్గర ఇంకో మెలిక ఉంది. మైక్రోఫైలేరియాలు, అంటే ఈ జబ్బు తెచ్చే పురుగు పెట్టే పిల్లపురుగులు, పగలు లోపలి రక్తనాళాల్లో ఉండి, రాత్రిపూట చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. అందుకే స్లైడ్ కోసం రక్తం రాత్రి 8 దాటాకే తీస్తారు. మధ్యాహ్నం తీస్తే పురుగున్నా కనిపించకపోవచ్చు. యాంటిజెన్ పట్టీ అనే ఇంకో రక్తపరీక్షకి ఆ ఇబ్బంది లేదు, అది పెద్ద పురుగు వదిలే పదార్థాన్ని పట్టుకుంటుంది.

ఇక మాత్రలు. డీఈసీ (ఫైలేరియా మందు), ఆల్బెండజోల్ (నులిపురుగుల మాత్ర) కలిపి ఏడాదికోసారి ఊరందరికీ ఇస్తారు, జబ్బు ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ. డీఈసీ 100 మిల్లీగ్రాముల మాత్రలు 2 నుంచి 5 ఏళ్ల పిల్లలకి ఒకటి, 6 నుంచి 14 వరకు రెండు, ఆపైన మూడు. ఆల్బెండజోల్ 400 ఒకటి, నమలాలి. రెండేళ్లలోపు పిల్లలకి, గర్భిణులకి, తీవ్రంగా జబ్బుపడ్డవాళ్లకి ఇవ్వరు. ఖాళీ కడుపుతో వేయకూడదు. ఈ మందులు రక్తంలోని పిల్లపురుగుల్ని తుడిచేస్తాయి గానీ పెద్దవాటన్నిటినీ చంపలేవు. అవి ఏళ్ల తరబడి బతికి మళ్లీ పిల్లలు పెడతాయి కాబట్టే కనీసం 5 ఏళ్లు వరసగా ఇవ్వాలి.

కార్యక్రమం ఎక్కడ దెబ్బతింటుందంటే, పంచిన మాత్రకీ మింగిన మాత్రకీ మధ్య. ‘అన్నం తిన్నాక వేసుకుంటాం అమ్మా’ అని ఆశా కార్యకర్త దగ్గర తీసుకుని అటక మీద పెట్టేస్తారు. రిజిస్టర్‌లో మాత్రం టిక్ పడిపోతుంది. మింగినవాళ్లలో కొందరికి జ్వరం, తలనొప్పి వస్తాయి. ఒంట్లో పిల్లపురుగులు చస్తున్నందువల్లే ఎక్కువగా అలా జరుగుతుంది. ఆ మాట ముందే చెప్పకపోతే పుకారు పుట్టి పక్క వీధి తలుపులు మూసుకుంటాయి.

అసైన్‌మెంట్‌లో ఎక్కువమంది బోల్తాపడేది భాగహారం దగ్గర. మాత్ర మింగాల్సినవాళ్ల లక్ష్యం 65 శాతం, అదీ మొత్తం జనాభాలో. ఊహకి ఒక మండలం అనుకోండి: జనం 60,000, మాత్రకి అర్హులు 51,000, మింగినవాళ్లు 36,000. అర్హుల లెక్కన 70 శాతం పైనే, అంటే పాసైనట్టు. మొత్తం జనం లెక్కన 60 శాతమే, అంటే ఫెయిల్. రిపోర్టులో కవరేజీ అంకె కనబడగానే కింద ఏ సంఖ్యతో భాగించారో వెతకండి. పని కోసం హైదరాబాద్, గల్ఫ్ వెళ్లినవాళ్లని ఏ వైపు లెక్కేశారో కూడా చూడండి.

అంతర్జాతీయం అన్న మాటకి అసలు బలం పోలికలో ఉంది. ఆఫ్రికాలో నదీ అంధత్వం (ఇంకో పురుగు వల్ల చూపు పోయే జబ్బు) ఉన్నచోట డీఈసీ ఇస్తే కన్ను దెబ్బతినొచ్చు, అందుకే అక్కడ ఐవర్‌మెక్టిన్, ఆల్బెండజోల్. లోవా అనే మరో రకం పురుగు ఉన్న మధ్య ఆఫ్రికాలో ఐవర్‌మెక్టిన్‌కీ భయమే, అక్కడ ఆల్బెండజోల్ ఒక్కటే ఏడాదికి రెండుసార్లు. ఆ రెండూ లేని మనలాంటి చోట్ల డీఈసీ, ఆల్బెండజోల్, ఐవర్‌మెక్టిన్ మూడూ కలిపి ఇవ్వొచ్చని డబ్ల్యూహెచ్‌ఓ 2017లో చెప్పింది. ఈ మూడు దారులూ ఒక పట్టికలో పెడితే టీచర్‌కి ఇంక వేరే ఉపోద్ఘాతం అక్కర్లేదు.

శ్రీలంక 2016లో బోదకాలు మీద గెలిచింది కదా, అదెలా అని అడుగుతారు. డబ్ల్యూహెచ్‌ఓ ‘నిర్మూలించారు’ అని ముద్ర వేయడానికి వ్యాప్తి ఆగిందన్న రుజువు ఒక్కటే చాలదు. ఆ రుజువు కోసం 6, 7 ఏళ్ల పిల్లల్ని పరీక్షిస్తారు, ఎందుకంటే వాళ్లలో ఉంటే ఈమధ్య అంటినట్టే. దాంతోపాటు ఇప్పటికే వాచిన కాళ్లకి, బుడ్డకి వైద్యం అందుతోందని కూడా చూపాలి. ఈ రెండో సగం చాలా వ్యాసాల్లో కనబడదు. బుడ్డకి ఆపరేషన్ ఉంది. కాలికి మాత్రం రోజూ చేసే పని: సబ్బుతో, మంచినీళ్లతో కడగాలి, వేళ్ల సందులు మెత్తటి గుడ్డతో ఒత్తి ఆరబెట్టాలి, ఒరుపులుంటే మందు రాయాలి, కూర్చున్నప్పుడు కాలు ఎత్తున పెట్టాలి. వరిమడిలో, బురదలో రోజంతా దిగే కూలీకి ఇది ఎలా కుదురుతుందో రాయండి, ఆ పేజీ మీదే అవుతుంది.