రెండున్నర షిల్లింగుల దగ్గర మొదలైన నాటకం

[తెర మీద: చీకటి. డోర్ బెల్ మోగుతుంది.]

డబ్బున్న ఇల్లు. కూతురి నిశ్చితార్థం విందు అయిపోయింది. మగవాళ్లు పోర్ట్ వైన్ తాగుతూ కబుర్లు చెప్పుకుంటున్నారు. ఇంతలో పనమ్మాయి ఎడ్నా వచ్చి, ఎవరో ఇన్‌స్పెక్టర్ వచ్చారని చెప్తుంది. అంతవరకూ స్టేజీ మీదున్న గులాబీరంగు వెలుతురు తెల్లగా, కరకుగా మారిపోతుంది.

ఇది జె.బి. ప్రీస్ట్‌లీ రాసిన ‘యాన్ ఇన్‌స్పెక్టర్ కాల్స్’. మొదట ఆడింది 1945లో, సోవియట్ యూనియన్‌లో. మరుసటి ఏడు లండన్‌లో. కథ మాత్రం 1912 నాటి ఇంగ్లండ్‌లో జరుగుతుంది.

[తెర మీద: 22 షిల్లింగుల 6 పెన్నీలు]

ఈ అంకె దగ్గర కాస్త ఆగుదాం. ఆ ఇంటి యజమాని బిర్లింగ్ ఫ్యాక్టరీలో ఈవా స్మిత్ అనే అమ్మాయికి వారానికి వచ్చే కూలి ఇది. 25 షిల్లింగులు చేయమని అక్కడి ఆడపిల్లలు అడిగారు. తేడా రెండున్నర షిల్లింగులు. షిల్లింగుకు 12 పెన్నీలు, పౌండుకు 20 షిల్లింగుల లెక్కన, పౌండులో ఎనిమిదో వంతు! బిర్లింగ్ ఒప్పుకోలేదు. సమ్మె చేశారు, కొద్ది రోజులకే చప్పబడింది. అందరినీ పాత కూలికే మళ్లీ తీసుకుని, ముందు నిలబడి మాట్లాడిన నలుగురైదుగురిని మాత్రం పంపించేశాడు. వాళ్లలో ఈవా ఒకతె.

బిర్లింగ్ రాక్షసుడేం కాదు. కూలి ఖర్చు పెరగకుండా చూసుకోవడం తన డ్యూటీ అంటాడు. మనిషన్నవాడు తన పని, తన ఇల్లు చూసుకుంటే చాలంటాడు. అదే నోటితో యుద్ధం రాదనీ, టైటానిక్ మునగదనీ చెప్తాడు. రెండు యుద్ధాలు చూసొచ్చిన ప్రేక్షకులకు ఇక ఆయన మాట మీద ఏం నమ్మకం ఉంటుంది?

[తెర మీద: ఖాళీ కుర్చీ]

ఈవా స్టేజీ మీదికి రాదు. నాటకం మొదలయ్యేసరికే చనిపోయిందని, ఆ చావు గురించి అడగడానికే వచ్చానని ఇన్‌స్పెక్టర్ చెప్తాడు. కూతురు షీలా కోపంతో ఆమె షాపు ఉద్యోగం ఊడగొట్టించింది. కాబోయే అల్లుడు కొన్నాళ్లు ఉంచుకుని వదిలేశాడు. కొడుకు ఎరిక్ వల్ల కడుపొచ్చింది.

నా మటుకు అసలు సీను మిసెస్ బిర్లింగ్‌ది. ఆవిడ ఓ ధర్మసంస్థలో పెద్దమనిషి. గర్భంతో ఉన్న ఈవా సాయానికి అక్కడికే వెళ్లింది. బిడ్డ తండ్రి ఇచ్చేది దొంగడబ్బని తెలిసి వద్దన్నానని చెప్పుకుంది. ఆవిడ నమ్మలేదు. అలాంటి పిల్ల డబ్బు వద్దంటుందా అని ఆవిడ అనుమానం. పేదవాళ్లకు నీతి అనేది ఉంటుందని ఆవిడకు తట్టనే తట్టదు. ఆ దొంగడబ్బేమో వాళ్లాయన ఆఫీసులోదే, కాజేసింది సొంత కొడుకే. అది తెలియక, తప్పంతా ఆ తండ్రిదేననీ, వాణ్ణి నలుగురిలో నిలబెట్టి శిక్షించాలనీ ఇన్‌స్పెక్టర్‌కు ఆవిడే గట్టిగా చెప్తుంది. హాల్లో వాళ్లకు ఈపాటికి అర్థమైపోతుంది. షీలాకీ అర్థమై అమ్మని ఆపబోతుంది, ఆవిడ వినదు.

చివర్లో బిర్లింగ్, వేల పౌండ్లయినా ఇస్తానంటాడు. చేతులు కాలాక ఆకులు.

ఇన్‌స్పెక్టర్ వెళ్లిపోయాక, వచ్చినవాడు అసలు పోలీసే కాదని తేలుతుంది. ఆస్పత్రికి ఫోన్ చేస్తే, అలాంటి చావేదీ అక్కడికి రాలేదంటారు. పెద్దవాళ్లు హమ్మయ్య అనుకుంటారు. బిర్లింగ్ పిల్లల్ని ఆటపట్టిస్తాడు కూడా. షీలా, ఎరిక్ మాత్రం నవ్వలేరు. వచ్చినవాడు ఎవరైతేనేం, చేసినవన్నీ చేసినట్టే ఉన్నాయి కదా అంటారు.

[ఫోన్ మోగుతుంది. బిర్లింగ్ ఎత్తుతాడు.]

ఓ అమ్మాయి ఇప్పుడే చనిపోయిందట. ఇన్‌స్పెక్టర్ ఒకరు ఇటే బయల్దేరారట.

[కట్.]