టెక్సాస్‌లో పదెకరాల మీద జింక వేట: ముందు గాలి, తర్వాత గట్టు, ఆఖర్న బాణం

(తెర మీద: పైనుంచి డ్రోన్ దృశ్యం. చదరంగా ఉన్న పదెకరాల నేల, ఓ మూల ఇల్లు, నడుమ సన్నటి వాగు, నాలుగు పక్కలా వేరేవాళ్ల కంచెలు.)

పదెకరాల్లో జింకలు కాపురం ఉండవు. వస్తాయి, పోతాయి. ఆడ వైట్‌టెయిల్ (ఇక్కడి తెల్లతోక జింక) తిరిగే మేర కొన్ని వందల ఎకరాల దాకా ఉంటుంది, మగదానిది అంతకన్నా ఎక్కువ. కాబట్టి "మన జింకలు" అనే మాట పక్కన పెట్టేయండి. అవి మన నేల మీదుగా పగటి వెలుగులో నడవాలా, చీకటి పడ్డాకే నడవాలా అన్నది మాత్రం చాలావరకు మన చేతిలో ఉంది. ఈ వీడియో దాని గురించే.

డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్ చుట్టుపక్కల పదీ ఇరవై ఎకరాలు కొనుక్కున్న తెలుగువాళ్ల కోసం ఇది. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకను వేటాడితే జైలే. ఇక్కడ చూపించేదంతా టెక్సాస్‌కి, అదీ లైసెన్సు ఉన్నవాళ్లకి మాత్రమే వర్తిస్తుంది.

(తెర మీద: బల్ల మీద లైసెన్సు, ట్యాగులు, పెన్ను, చిన్న కత్తి.)

కాగితాల సంగతి ముందు. సొంత నేల మీదే అయినా హంటింగ్ లైసెన్సు ఉండాల్సిందే. 1971 సెప్టెంబరు 2న, ఆ తర్వాత పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. 17 ఏళ్లు నిండినవాళ్లు పూర్తిగా ఆన్‌లైన్లోనే ముగించవచ్చు. సాధారణ సీజన్ నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది. విల్లు సీజన్ దానికి దాదాపు నెల ముందు, దానికి ఆర్చరీ ఎండార్స్‌మెంట్, అంటే లైసెన్సు మీద అదనపు అనుమతి, విడిగా కొనాలి. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట వరకే వేట.

హెచ్‌వన్‌బీ, హెచ్‌ఫోర్, ఎఫ్‌వన్ మీద ఉన్నవాళ్లు ఇక్కడ ఆగి వినండి. వలస వీసా కాని వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. అమెరికాలో ఇచ్చిన హంటింగ్ లైసెన్సు చేతిలో ఉంటే దానికి మినహాయింపు ఉంది. చాలామంది సగమే వింటారు: లైసెన్సు చూపించి రైఫిల్ కొంటారు, ఆగస్టు 31న లైసెన్సు గడువు తీరుతుంది, రైఫిల్ మాత్రం అల్మారాలోనే ఉంటుంది. ఆ మర్నాటి నుంచి మినహాయింపు పోయినట్టే. వేటకి వెళ్లినా వెళ్లకపోయినా కొత్త లైసెన్సు పాతది ముగిసేలోపే కొనండి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి ఈ బాధ లేదు. విల్లు, క్రాస్‌బో (తుపాకీలా ట్రిగర్ నొక్కి బాణం వదిలే విల్లు) ఈ చట్టం లెక్కలో తుపాకులు కావు.

(తెర మీద: 220 × 220 గజాల చదరం. మధ్యలో చుక్క. చుక్క నుంచి అంచుకి 110 అని గీత.)

ఎకరానికి 4840 గజాలన్న లెక్క మనవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. పదెకరాలు చదరంగా ఉంటే ఒక్కో పక్క 220 గజాలు. సరిగ్గా నడిబొడ్డున కూర్చున్నా గట్టు 110 గజాల్లో ఉంది. ఊపిరితిత్తుల్లో బాగా తగిలిన జింక కూడా వంద గజాలు పరిగెత్తి పడిపోవడం మామూలే. మధ్యలో కొట్టినా పక్కవాళ్ల నేలలో పడొచ్చన్నమాట. నేల పొడుగ్గా, వెడల్పు తక్కువగా ఉంటే చెప్పనే అక్కర్లేదు.

గాయపడ్డ జింక వెనక పక్కవాళ్ల నేలలోకి అడుగు పెట్టాలన్నా టెక్సాస్‌లో వాళ్ల అనుమతి కావాలి. రాత్రి తొమ్మిదింటికి తలుపు తట్టి, చేతులకి నెత్తురుతో "నేను మీ పక్కింటివాణ్ణి" అని పరిచయం చేసుకోవడం ఎవరికీ బాగుండదు. సెప్టెంబరులోనే వెళ్లి కలవండి, ఫోన్ నంబరు తీసుకోండి, "జింక మీ వైపు పడితే ఫోన్ చేసి వస్తాను" అని ఒప్పించుకోండి. ఓ కాగితం మీద రాయించుకుంటే ఇంకా నయం.

తూటా గట్టు దాటితే అది వేరే నేరం, రెండు పక్కలా మీ నేలే ఉంటేనో, పక్క యజమానితో రాతపూర్వక ఒప్పందం ఉంటేనో తప్ప. రైఫిల్ తూటా మైళ్ల దూరం పోగలదు. వెనక మట్టి దిబ్బో, వాగు ఒడ్డో అడ్డం లేకపోతే పదెకరాల్లో రైఫిల్ పేల్చకూడదు. పైగా ఊరి బయటి సబ్‌డివిజన్లలో పదెకరాలు, అంతకన్నా చిన్న ప్లాట్లలో తుపాకీ పేల్చడాన్ని నిషేధించే అధికారం కౌంటీలకి ఉంది. డీడ్ రిస్ట్రిక్షన్లు, అంటే నేల దస్తావేజులో రాసిన ఆంక్షలు, అదనం. కొనేటప్పుడు సంతకం పెట్టిన కాగితాలు ఇప్పుడైనా చదవండి. చిన్న నేలకి క్రాస్‌బో సరైన ఆయుధం అన్నది మా అభిప్రాయం. చప్పుడు తక్కువ, ముప్పై గజాల లోపు పని, విల్లు సీజన్లో కూడా వాడొచ్చు.

(తెర మీద: చిన్న పౌడర్ సీసా నొక్కుతున్న చేయి. తెల్లటి పొడి గాలిలో పోయే దారిని కెమెరా వెంబడిస్తుంది.)

ఇక అసలు విషయం, గాలి. ఇది వాసన లేని పౌడర్ నింపిన సీసా. మాటు వేసే చోట నిలబడి ఒక్కసారి నొక్కి చూడండి. పొడి ముందు ఉత్తరానికి సాగుతుంది. ఇరవై గజాలు పోయాక కిందికి జారి, వాగులోకి దిగి, నీళ్ల వెంట పక్కకి తిరుగుతుంది. ఫోన్లో వాతావరణ యాప్ "దక్షిణ గాలి" అనే చెబుతుంది, వాగు సంగతి దానికేం తెలుసు? సాయంత్రం నేల చల్లబడేకొద్దీ గాలి పల్లానికి జారుతుంది, పొద్దున ఎండ పొడిచాక పైకి లేస్తుంది. జింకలు వాగు వెంటే నడుస్తాయి కనుక సాయంత్రం మాటు వాగుకి ఎగువన పెట్టారంటే మీ వాసన నేరుగా వాటి ముక్కులోకే. సీసా తెచ్చుకుని సీజన్‌కి ముందే వేర్వేరు వేళల్లో పరీక్షించండి.

టెక్సాస్‌లో శరత్కాలంలో ఎక్కువ రోజులు దక్షిణం, ఆగ్నేయం నుంచి గాలి వీస్తుంది. కోల్డ్ ఫ్రంట్ (ఉత్తరం నుంచి వచ్చే చలిగాలి) దిగితే ఒక్కసారిగా ఉత్తరానికి తిరుగుతుంది, జింకలు బాగా కదిలేది కూడా చాలాసార్లు అప్పుడే. అందుకని ఒక్క మంచె చాలదు. దక్షిణ గాలికి ఉత్తరపు అంచున ఒకటి, ఉత్తర గాలికి దక్షిణపు అంచున ఒకటి. మీ వెనక నుంచి వాసన పోయే దిక్కున రోడ్డో, మీ ఇల్లో ఉంటే అంతకన్నా ఏం కావాలి. రెండింటికీ పడని గాలి వీచిన రోజు ఇంట్లో కూర్చుని క్రికెట్ చూడండి.

ఈ మాట చాలామందికి మింగుడుపడదు. వారాంతం ఒక్కటే ఖాళీ, నేల కోసం అంత డబ్బు పోశాం, గాలి ఎటు ఉంటే ఏం, వెళ్దాం అనుకుంటారు. వెయ్యెకరాల రాంచ్‌లో ఒక మూల చెడిపోతే ఇంకో మూల ఉంటుంది. పదెకరాల్లో ఒక్క సాయంత్రం పొరపాటున వాసన కొడితే నేలంతా చెడినట్టే. వాటికి చుట్టూ బోలెడు చోటుంది, మీ పదెకరాలు వదిలేస్తే వాటికి పోయేదేం లేదు. సీజన్ మొత్తంలో మంచి గాలి ఉన్న రోజులు ఏరుకుని కొద్దిసార్లే ఎక్కండి.

వచ్చే దారి, పోయే దారి కూడా అంతే ముఖ్యం. మంచె దాకా అడుగున్నర వెడల్పు కాలిబాట ఆగస్టులోనే చెక్కేసి, ఎండాకులు ఊడ్చి పెట్టుకోండి. జింకల దారిని అడ్డంగా దాటే బాట వద్దు. సాయంత్రం వేట ముగిశాక చీకట్లో మంచె కింద జింకలు మేస్తూ ఉంటే దిగకండి. మీరు దిగడం చూశాయంటే ఆ చెట్టు అంటేనే అనుమానం పట్టుకుంటుంది. ఇంట్లోవాళ్లకి ఫోన్ చేసి బండి ఆ వైపు నడపమనండి. బండికి బెదిరి పోతాయి, బండిని మరిచిపోతాయి, చెట్టు మీది మనిషిని అంత త్వరగా మరవవు.

బట్టల సంగతి. వంటింటి పక్కన కొక్కేనికి తగిలించిన జాకెట్లో ఇంగువ తాలింపు ఉంటుంది, పూజగదిలోని అగరొత్తులు ఉంటాయి. వాసన లేని సబ్బుతో ఉతికి, మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి, మంచె దగ్గరకి వెళ్లాకే తొడుక్కోండి. ఇంత చేసినా గాలి ఎదురైతే లాభం లేదు.

(తెర మీద: చెట్టుకి నిచ్చెన మంచె, బెల్టు, తాడు.)

మంచె ఎత్తు 15 నుంచి 20 అడుగులు చాలు. వేటలో తూటా దెబ్బల కంటే మంచె మీంచి పడి నడుములు విరిగినవాళ్లే కళ్లముందు ఎక్కువ కనిపిస్తారు. ఒంటినిండా పట్టే హార్నెస్ వేసుకుని, నేల మీద కాలు ఉన్నప్పుడే చెట్టుకి పైనుంచి కిందిదాకా కట్టిన లైఫ్‌లైన్ తాడుకి తగిలించుకోండి, దిగాకే విప్పండి. ఆయుధం చేత్తో పట్టుకుని ఎక్కకూడదు. క్రాస్‌బో అయితే బాణం తీసేసి, తుపాకీ అయితే తూటాలు తీసేసి, తాడుతో పైకి లాక్కోవాలి. ఏడాది పొడుగునా ఎండా వానలో ఉన్న పట్టీలు కుళ్లిపోతాయి, ఏటా మార్చేయండి. సాయంత్రం మంచె పడమటికి ముఖం పెడితే పొద్దు కళ్లలో పడి ఏమీ కనపడదు.

(తెర మీద: పంది కంచె లోపల మొక్కజొన్న ఫీడర్.)

టెక్సాస్‌లో ప్రైవేటు నేల మీద మొక్కజొన్న చల్లి వేటాడటం చట్టబద్ధమే. చాలా రాష్ట్రాల్లో కాదు, వేరే రాష్ట్రంలో ఉన్న బావగారి సలహా ఇక్కడా, ఇక్కడి సలహా అక్కడా పనికిరావు. ఫీడర్ (వేళకి గింజలు చల్లే డ్రమ్ము) మోటారు ఒక్కో సెకనుకి ఎంత చల్లుతుందో కింద బకెట్ పట్టి తూచి చూసి టైమర్ పెట్టండి. గింజలు నేల మీద మిగిలిపోతున్నాయంటే ఎక్కువ పోస్తున్నట్టు. తడిసి బూజు పట్టిన మొక్కజొన్నలో అఫ్లటాక్సిన్ పుడుతుంది, అది టర్కీలకీ పిట్టలకీ విషం. డ్రమ్ములో గడ్డకట్టినది కనిపిస్తే మొత్తం పారబోయండి.

అడవిపందులు అన్నీ తినేసిపోతున్నాయంటే 34 అంగుళాల ఎత్తు హాగ్ ప్యానెళ్లతో (పందుల కంచెకి వాడే గట్టి తీగ చట్రాలు) చుట్టూ కంచె కట్టండి. జింక దూకుతుంది, పంది దూకలేదు. నాలుగు ప్యానెళ్లతో చిన్న దొడ్డి కడితే జింక లోపలికి దూకడానికి జంకుతుంది. 16 అడుగుల ప్యానెళ్లు కనీసం ఎనిమిది వాడండి, దాదాపు 40 అడుగుల అడ్డకొలత వస్తుంది.

మేత మడి వేసే చోటుంటే పావు ఎకరం చాలు. ముందు మట్టి పరీక్ష. పీహెచ్ 6 కన్నా తక్కువైతే సున్నం వేయాలి, అది పనిచేయడానికి నెలలు పడుతుంది కనుక వసంతంలోనే వేయండి. సెప్టెంబరు చివర, వాన సూచన చూసుకుని గోధుమ 25 నుంచి 30 పౌండ్లు చల్లి, అంగుళం లోతు మట్టి కప్పండి. క్రిమ్సన్ క్లోవర్ (ఎర్రపూల పశుగ్రాసం) కలపాలంటే గోధుమ తగ్గించి, మట్టి కప్పాక పైన చల్లి బండి చక్రంతో అదమండి. క్లోవర్ గింజ పావు అంగుళం కన్నా లోతుకు పోతే మొలవదు. మడిలో ఓ మూల చిన్న తీగ బుట్ట బోర్లించి ఉంచండి. లోపల మోకాలెత్తు, బయట నేలకి అంటుకుని ఉందంటే గింజ తప్పు కాదు, జింకలు మేసేశాయన్నమాట.

(తెర మీద: ట్రయల్ కెమెరా ఫొటోలు. చెవులు నిక్కించిన మగ జింక.)

ఏది కొట్టాలి? కొమ్ముల నిబంధన ఉన్న కౌంటీల్లో మగ జింకకి ఒక కొమ్మయినా చీలిక లేకుండా ఉండాలి, లేదా కొమ్ముల లోపలి వెడల్పు 13 అంగుళాలకి తగ్గకూడదు. చెవులు నిక్కించి చూస్తున్నప్పుడు ఒక చెవి కొస నుంచి ఇంకో చెవి కొసకి సుమారు 13 అంగుళాలు. కొమ్ములు చెవుల బయటికి వచ్చాయో లేదో చూడండి, సందేహంగా ఉంటే వదిలేయండి. ఆడవాటి లెక్క కౌంటీ కౌంటీకీ వేరు, టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ వెబ్‌సైట్లో మీ కౌంటీ పేజీ తీయండి.

హిల్ కంట్రీలో (ఆస్టిన్‌కి పడమటి కొండ ప్రాంతం), చెట్టుకి కట్టిన ట్రయల్ కెమెరాకి ఒక్కోసారి చుక్కల దుప్పి కనిపిస్తుంది. అవును, మన నల్లమలలోదే. 1930లలో ఇక్కడికి తెచ్చారు, ఇప్పుడు అడవుల్లో పెరిగిపోయాయి. బయటి జంతువు కనుక ప్రైవేటు నేలలో ఏ నెలలోనైనా, ఎన్నయినా కొట్టొచ్చు, లైసెన్సు మాత్రం ఉండాలి.

(తెర మీద: పక్కకి నిలబడ్డ జింక బొమ్మ. ఛాతీ మీద గుర్తు. తర్వాత నెత్తురంటిన బాణం, దగ్గరగా.)

జింక పూర్తిగా పక్కకి తిరిగి గానీ, కొంచెం మన నుంచి అవతలికి తిరిగి గానీ ఉన్నప్పుడే వదలాలి. ముందుకాలి వెనక, పొట్ట గీత నుంచి పైకి మూడో వంతు ఎత్తున గురి. మంచె మీంచి బాణం వాలుగా దిగుతుంది కాబట్టి అవతలి పక్క ఎక్కడ బయటికి వస్తుందో ఊహించి పెట్టండి. ఎదురుగా చూస్తున్న జింకని క్రాస్‌బోతో కొట్టకండి.

కొట్టాక మంచె మీదే ఉండి, చివరిసారి కనిపించిన చోటు ఓ చెట్టు గుర్తు పెట్టుకోండి. దిగాక ముందు బాణం చూడండి. గులాబీ రంగు, చిన్న బుడగలు ఉంటే ఊపిరితిత్తులు: అరగంట ఆగి వెళ్లండి. చిక్కటి ముదురెరుపు అయితే కాలేయం, నాలుగు గంటలు. ఆకుపచ్చ జిగురు, పేడ వాసన వస్తే పొట్టలో తగిలింది. చల్లటి రాత్రయితే తెల్లారేదాకా కదలొద్దు. తొందరపడి వెంబడిస్తే పక్కనే పడుకున్న జింక లేచి మూడు నేలలు దాటిపోతుంది. అక్టోబరు ఎండలో అంతసేపు ఆగితే మాంసం పాడవుతుంది, ఇక్కడి తిప్పలే అది. శిక్షణ ఉన్న కుక్కతో జాడ తీయించడానికి చాలా కౌంటీల్లో అనుమతి ఉంది, తూర్పున కొన్నిట్లో లేదు. ఆ నంబరు కూడా సెప్టెంబరులోనే ఫోన్లో వేసుకోండి.

దొరికిన వెంటనే లైసెన్సుతో వచ్చిన ట్యాగ్ మీద నెల, తేదీ కత్తిరించి కట్టాలి. తర్వాతే కత్తి. చేతులకి గ్లవుజులు, మెదడూ వెన్నుపూసా జోలికి వెళ్లొద్దు. క్రానిక్ వేస్టింగ్ డిసీజ్, అంటే జింకల మెదడుని పాడుచేసే జబ్బు, టెక్సాస్‌లో 2012 నుంచి ఉంది, ఎంత ఉడికించినా దాన్ని తెచ్చే ప్రియాన్లు (చెడిన ప్రొటీన్లు) చావవు. పరీక్షకి శాంపిల్ ఇచ్చి, ఫలితం వచ్చేదాకా ఆ మాంసాన్ని విడిగా పేరు రాసి ఫ్రీజర్‌లో ఉంచండి. ఎండ రోజుల్లో కోసిన తొడలూ భుజాలూ ఐసు మీద పెట్టి, కూలర్ కింది బిరడా తీసి ఏటవాలుగా ఉంచండి. నీళ్లలో నానితే మాంసం తెల్లబడి పాడవుతుంది. సీసం తూటాతో కొట్టి ఉంటే గాయం చుట్టూ ఉదారంగా కోసి పారేయాలి.

వండేటప్పుడు పైనున్న వెండిలాంటి పొర, తెల్లటి కొవ్వు మొత్తం తీసేయండి, మైనంలా పళ్లకి అంటుకునేది ఆ కొవ్వే. వెన్ను కండని పులుసులో ఉడికించి పాడుచేయొద్దు, పెనం మీద రెండు పక్కలా కాల్చుకోవడమే. భుజాలూ మెడా గోంగూరకి బాగుంటాయి, కుక్కర్లో మేకమాంసం కన్నా రెండు మూడు కూతలు ఎక్కువ పట్టొచ్చు. ఈ మాంసం అమ్మడం నేరం. ఫ్రెండ్స్‌కి పంచడం కాదు, కానీ ముక్కలతో పాటు వైల్డ్‌లైఫ్ రిసోర్స్ డాక్యుమెంట్ కాగితం కూడా ఇవ్వాలి: కొట్టినవాళ్ల పేరు, సంతకం, చిరునామా, లైసెన్సు నంబరు, తీసుకునేవాళ్ల పేరు, ఏ జంతువు, ఎన్ని ముక్కలు, ఏ తేదీన, ఏ రాంచ్‌లో, ఏ కౌంటీలో. మాంసం వాళ్ల ఇంటికి చేరేదాకా ఆ కాగితం దాంతోనే ఉండాలి.