టికెట్ కంటే ముందు టీకా: కుక్కతో, పిల్లితో విదేశీ ప్రయాణం

ప్రయోక్త: శ్రోతలందరికీ నమస్కారం. ఉద్యోగం కోసమో, పిల్లల దగ్గర ఉండడానికో విదేశాలకు వెళ్తున్న మన కుటుంబాలు తాము పెంచుకుంటున్న కుక్కనూ పిల్లినీ కూడా వెంట తీసుకువెళ్లాలనుకుంటున్నాయి. హైదరాబాద్‌లో పెంపుడు జంతువులకు వైద్యం చేస్తున్న పశువైద్యురాలు ఈ రోజు మనతో ఉన్నారు. డాక్టర్ గారూ, ఈ ఏర్పాట్లు ఎప్పుడు మొదలుపెట్టాలి?

డాక్టర్: నమస్కారమండీ. వీసాకు దరఖాస్తు చేసిన రోజే మొదలుపెట్టాలి. చాలామంది టికెట్లు కొన్న తరువాత వస్తారు. అప్పటికి చేయగలిగింది పెద్దగా ఉండదు. కేవలం తేదీలు కుదరక, ఏళ్ల తరబడి పెంచుకున్న కుక్కను ఎవరికో అప్పగించి వెళ్లేవారిని చూస్తే నాకు చాలా బాధ కలుగుతుంది, ఎందుకంటే ముందుగా తెలిసి ఉంటే ఆ ఎడబాటు తప్పేది.

ప్రయోక్త: ఏటా టీకాలు వేయిస్తూనే ఉన్నాము కదా అని అంటారు కదండీ?

డాక్టర్: అంటారు. చిక్కంతా ఆ టీకాలను ఏ వరుసలో వేయించారన్న దగ్గరే వస్తుంది. మొదట మెడ దగ్గర చర్మం కింద, జంతువును గుర్తించే సంఖ్య ఉండే చిన్న మైక్రోచిప్ పెట్టించాలి; 15 అంకెలుండే ఐఎస్ఓ (అంతర్జాతీయ) ప్రమాణం చిప్ అయితే దాదాపు అన్ని దేశాల్లోనూ చెల్లుతుంది. చిప్ పెట్టిన రోజునో ఆ తరువాతో వేసిన రేబీస్ టీకానే లెక్కలోకి తీసుకుంటారు. చిప్ లేని రోజుల్లో వేయించిన టీకాలు పుస్తకంలో ఎన్ని ఉన్నా, అవి ఈ జంతువుకే వేశారనడానికి ఆధారం లేదని యూరప్ అధికారులు వాటిని పక్కన పెడతారు. టీకా వేసి కనీసం 30 రోజులు గడిచాక రక్తం తీసి, గుర్తింపు పొందిన ప్రయోగశాలకు పంపాలి. మిల్లీలీటరుకు 0.5 అంతర్జాతీయ యూనిట్లకు తగ్గకుండా రేబీస్‌ను ఎదుర్కొనే ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) ఉన్నట్లు నివేదిక రావాలి.

ప్రయోక్త: నివేదిక బాగా వస్తే వెంటనే బయలుదేరవచ్చా?

డాక్టర్: యూరప్‌కైనా బ్రిటన్‌కైనా వెళ్లడానికి వీలులేదు. మన దేశం నుంచి వెళ్లే జంతువు రక్తం తీసిన తేదీ నుంచి మూడు నెలలు ఆగాలి. ఇది ఊరికే పెట్టిన నియమం కాదు. రేబీస్ వైరస్ శరీరంలోకి చేరాక లక్షణాలు బయటపడడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. టీకాకు ముందే వైరస్ సోకిన జంతువైతే ఆ గడువులో బయటపడే అవకాశం ఎక్కువ. లక్షణాలు కనిపించాక దాదాపు ప్రతిసారీ ప్రాణం తీసే వ్యాధి కాబట్టి, దాన్ని కష్టపడి వదిలించుకున్న దేశాలు జాగ్రత్తగా ఉండడం న్యాయమేనని నా అభిప్రాయం. తరువాతి టీకాను గడువు దాటకుండా వేయించాలన్నది కూడా గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ఒక్క రోజు ఆలస్యమైనా ఈ వరుస మొత్తం మొదటికి వస్తుంది.

ప్రయోక్త: మన శ్రోతల్లో ఎక్కువమంది అడిగేది అమెరికా గురించి. డాలస్ వెళ్తున్న కుటుంబం లాబ్రడార్‌ను ఎలా తీసుకువెళ్లాలి?

డాక్టర్: కుక్కల ద్వారా వ్యాపించే రేబీస్ రకం తమ దేశంలో లేదని అమెరికా 2007లో ప్రకటించింది. ఆ స్థితిని కాపాడుకోవడానికి 2024 ఆగస్టు 1 నుంచి కొత్త నియమాలు తెచ్చింది. వాటిలో మన దేశం రేబీస్ ముప్పు ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో ఉంది. కుక్కకు ఆరు నెలలు నిండాలి, చిప్ ఉండాలి, టీకా వివరాల పత్రంపై మన ప్రభుత్వ పశువైద్యాధికారి ధ్రువీకరణ ఉండాలి, అమెరికా ప్రజారోగ్య సంస్థ అయిన సీడీసీ దిగుమతి పత్రం నింపాలి. రక్తపరీక్షకు నమూనా తీసి కనీసం 28 రోజులైనా గడిచాకే అక్కడ దిగాలి. చెల్లే నివేదిక లేకపోతే మన ఖర్చుతో 28 రోజుల క్వారంటైన్ తప్పదు. డాలస్ వెళ్లేవారు ముఖ్యంగా గమనించవలసింది ఏమిటంటే, ఇలాంటి కుక్క నేరుగా అక్కడ దిగడానికి వీలులేదు. న్యూయార్క్ జేఎఫ్‌కే, వాషింగ్టన్ డల్లెస్, అట్లాంటా వంటి, సీడీసీ నమోదు చేసిన జంతు సంరక్షణ కేంద్రాలున్న కొన్ని విమానాశ్రయాల్లోనే దిగాలి. ఆ కేంద్రంలో ముందే చోటు బుక్ చేసుకోవాలి. అక్కడ పరీక్షించి, మరోసారి టీకా వేశాకే కుక్కను మన చేతికిస్తారు. అందుకే ముందు కేంద్రంలో చోటు ఖాయం చేసుకొని, ఆ తరువాత టికెట్ కొనమంటాను.

ప్రయోక్త: పిల్లికీ ఇవే నియమాలా?

డాక్టర్: అమెరికా విషయంలో కావు. పిల్లికి సీడీసీ రేబీస్ ధ్రువపత్రం అడగదు, ఆరోగ్యంగా కనిపిస్తే చాలు. అయితే విమాన సంస్థో చేరవలసిన రాష్ట్రమో అడగవచ్చు కనుక టీకా వేయించి తీసుకువెళ్లడమే మేలు. యూరప్, బ్రిటన్‌లకు మాత్రం చిప్, టీకా, రక్తపరీక్ష, మూడు నెలల నిరీక్షణ పిల్లికీ తప్పవు. బ్రిటన్‌కు వెళ్లే కుక్కకు అదనంగా, చేరడానికి 24 నుంచి 120 గంటల ముందు బద్దెపురుగుల మందు వైద్యులు స్వయంగా వేసి నమోదు చేయాలి. ఆస్ట్రేలియాకైతే మన దేశం నుంచి నేరుగా పంపడానికే వీలులేదు.

ప్రయోక్త: ప్రయాణంలో భయపడకుండా మత్తుమందు ఇవ్వమని అడుగుతారా?

డాక్టర్: చాలామంది అడుగుతారు, నేను ఇవ్వను. మత్తులో రక్తపోటు పడిపోతుంది, శ్వాస మందగిస్తుంది, శరీరం తన వేడిని అదుపు చేసుకోలేదు. కార్గోలో ఉన్న జంతువును అప్పుడు చూసేవారు ఎవరూ ఉండరు. మత్తులో ఉన్నట్లు కనిపిస్తే విమాన సంస్థలు ఎక్కించుకోవు కూడా. భయానికి అసలైన మందు అలవాటు. ప్రయాణంలో జంతువును ఉంచే పెట్టెను, అంటే క్రేట్‌ను, రెండు నెలల ముందే కొని, తలుపు తీసి ఇంట్లో ఉంచి, అన్నం అందులోనే పెడుతూ, అది తనంతట తాను వెళ్లి నిద్రపోయేదాకా ఓపిక పట్టాలి. తల పైకప్పుకు తగలకుండా నిలబడి, చుట్టూ తిరిగి, హాయిగా పడుకోగలిగేంత క్రేట్ కావాలి. పగ్, బుల్‌డాగ్, పర్షియన్ పిల్లి వంటి చప్పిడి ముక్కు జాతులకు వేడిలో ఊపిరాడదు, కనుక చాలా సంస్థలు వాటిని కార్గోలో తీసుకోవు. అలాంటి జంతువుకు వయసు కూడా మీదపడి గుండె జబ్బు ఉంటే, బాగా తెలిసిన బంధువుల ఇంట్లో వదిలి వెళ్లడమే దాని పట్ల దయ అని చెప్పడానికి నేను వెనుకాడను.

ప్రయోక్త: చివరి వారంలో చేయవలసింది ఏమిటి?

డాక్టర్: వైద్యుల దగ్గర ఆరోగ్య ధ్రువపత్రం తీసుకొని, కేంద్ర ప్రభుత్వ జంతు క్వారంటైన్ కార్యాలయంలో ఎగుమతి ధ్రువపత్రం పొందాలి, ఆ కార్యాలయం హైదరాబాద్‌లోనూ ఉంది. యూరప్‌లో ప్రవేశించడానికి ఆరోగ్య పత్రం సంతకమైన నాటి నుంచి 10 రోజులే చెల్లుతుంది. ఏజెంటుకు పని అప్పగించినా, చిప్‌ను మీ ఎదుటే స్కాన్ చేయించి, ఆ 15 అంకెలను ప్రతి కాగితంలోనూ మీరే సరిచూసుకోండి. ఒక్క అంకె తేడా ఉంటే, అక్కడి అధికారి దృష్టిలో ఆ కాగితాలు వేరే జంతువువి.

ప్రయోక్త: డాక్టర్ గారూ, ఇంత వివరంగా చెప్పినందుకు ధన్యవాదాలు.

డాక్టర్: సంతోషమండీ, నమస్కారం.